మత్తులో రెప్పలు ఎందుకు మూతపడవు?

“ఆపరేషన్ గదిలో మా నాన్నగారి కళ్లకు టేపు అంటించారట. మత్తులో ఉన్నవాళ్ల కళ్లు ఎలాగూ మూసుకునే ఉంటాయి కదా?” అని ఒక పాఠకురాలు అడిగారు. మత్తును నిద్ర అనుకోవడం వల్ల పుట్టిన సందేహం ఇది. తప్పు ఆమెది కాదు. “కాసేపు నిద్రపుచ్చుతాం” అని రోగికి చెప్పేది వైద్యులే మరి!

కన్ను మూసి ఉంచాలంటే కండరం పనిచేయాలి. కంటి చుట్టూ వలయంలా ఉండే ఆర్బిక్యులారిస్ కండరం రెప్పల్ని మూస్తుంది, లెవేటర్ కండరం పైరెప్పను ఎత్తుతుంది. నిద్రలో లెవేటర్ సడలినా వలయ కండరం కొంత బిగువు నిలుపుకుంటుంది. తలుపు వేసి గడియ పెట్టినట్టన్నమాట. మత్తులో రెండూ సడలిపోతాయి. నెట్టేవారూ లాగేవారూ లేని తలుపు ఎక్కడో ఓరవాకిలిగా ఆగిపోతుంది. టేపు వేయకుండా వదిలేస్తే సగానికి పైగా రోగుల్లో రెప్పలు పూర్తిగా మూతపడవు.

ఈ తలుపు పోలికను ఇంకాస్త సాగదీయాలని ఉంది. ఇంటికి కాపలావాడు రెప్పపాటు. నిమిషానికి సుమారు 15 సార్లు తిరిగి వస్తాడు. గడప కడిగేది కన్నీరు. రెప్ప మూసేటప్పుడు కనుగుడ్డు పైకి తిరుగుతుంది, దీన్ని 1823లో చార్లెస్ బెల్ వర్ణించాడు; విలువైన వస్తువును అటక మీదికి చేర్చడం లాంటిది. కేకలు వేసి ఇల్లంతా లేపేది నొప్పి. చిన్న నలుసు పడితేనే మనం గిలగిలలాడేది దానివల్లే. మత్తుమందు కన్నీటిని తగ్గించి, మిగతా ముగ్గురికీ ఒకేసారి సెలవిచ్చేస్తుంది.

ఇంట్లోని విలువైన వస్తువు కార్నియా, అంటే నల్లగుడ్డు ముందుండే పారదర్శక పొర. మధ్యభాగంలో దాని మందం అర మిల్లీమీటరు. పైతొడుగు అయిదు నుంచి ఏడు వరసల కణాలతో 50 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). దాని మీది కన్నీటి పొర సుమారు 3 మైక్రాన్లు. పాఠాల్లో ఆ పొరను నూనె, నీరు, జిగురు అంటూ మూడు అంతస్తులుగా గీస్తారు. నిజానికి కింది రెండూ కలగలిసి ఉంటాయి, విడిగా తేలేది నూనె ఒక్కటే. రెప్ప కదలకపోతే నిమిషంలోపే ఈ పొర అక్కడక్కడా చిరుగుతుంది. ఎండిన చోట పైకణాలు రాలతాయి. ఆపరేషన్ సమయంలో కంటికి తరచుగా జరిగే గాయం ఇలాంటి కార్నియా ఒరిపిడే.

ఇక్కడ తెలివైన పాఠకుడు అడ్డు తగలాలి. కార్నియాలో రక్తనాళాలు లేవు, అది గాలి నుంచే ఆక్సిజన్ తీసుకుంటుంది. మరి మూసేస్తే ఊపిరాడక చావదా? తెరిచిన కంటి ముందు ఆక్సిజన్ పీడనం 155 మిల్లీమీటర్ల పాదరసం, మూసిన రెప్ప కింద 55 నుంచి 60 దాకా. అది రెప్ప లోపలి పొరలోని రక్తనాళాలు పంపేది. రాత్రంతా నిద్రపోతే కార్నియా మూడు నాలుగు శాతం ఉబ్బి, పొద్దున్న కాసేపట్లో సర్దుకుంటుంది. కాబట్టి మూయడం నష్టమేమీ కాదు, ఎండిపోవడమే నష్టం.

టేపు ఎప్పుడు వేయాలన్నది కూడా ముఖ్యమే. మామూలుగా స్పృహ పోగానే, గొంతులోకి శ్వాస గొట్టం వేయడానికి ముందే వేస్తారు. ముఖం మీదికి వంగే వైద్యుడి మెడలో వేలాడే గుర్తింపు కార్డు, స్టెతస్కోపు, చేతి గడియారం పట్టీ, ఇవన్నీ గీరే వస్తువులే. తీసేటప్పుడు పైనుంచి కిందికి తీయాలి, లేదంటే టేపుతోపాటు రెప్ప కూడా పైకి లేస్తుంది. పారఫిన్ ఆయింట్‌మెంట్ తేమను కాపాడుతుంది కానీ లేచాక చూపు మసకగా ఉంటుంది. ముఖం మీద విద్యుత్ పరికరంతో రక్తనాళాలు కాల్చే చోట దానికి నిప్పంటుకునే ప్రమాదమూ ఉంది.

వెన్నెముక ఆపరేషన్‌లో రోగిని బోర్లా పడుకోబెట్టినప్పుడు టేపు చాలదు. కంటికి అందే రక్తం ధమనిలోని పీడనానికీ కంటిలోని పీడనానికీ మధ్య తేడా మీద ఆధారపడుతుంది. తలదిండు కనుగుడ్డును నొక్కితే ఆ తేడా తగ్గిపోతుంది, రెటీనాకు (కంటి వెనక వెలుగును పట్టే పొరకు) రక్తం ఆగి చూపే పోవచ్చు. అందుకే కళ్ల మీద ఒత్తిడి పడుతోందేమోనని మధ్యమధ్య చూస్తారు.

ఇంత చేశాక కూడా ప్రమాదం పూర్తిగా తప్పదు. సగం మెలకువలో రోగి మొదట చేసే పని కన్ను నులుముకోవడం. ఆ చూపుడువేలికే ఆక్సిజన్ కొలిచే క్లిప్పు ఉంటే కార్నియా గీరుకుపోతుంది. క్లిప్పును ఉంగరపువేలికి పెట్టమని సలహా ఇచ్చేది అందుకే.