పాఠం చెప్తే పిల్లలు చెడిపోరు

"మేడం, శరీరం గురించి, లైంగిక విషయాల గురించి ఇలా క్లాసులో చెప్తే పిల్లలకు లేనిపోని ఆలోచనలు రావా?"

ఈ నెలలో ఈ మాట వినడం మూడోసారి. ఈసారి అడిగింది తొమ్మిదో తరగతి అమ్మాయి వాళ్ల నాన్న. కోపంతో కాదు, భయంతో అడిగారు. హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతూ పద్దెనిమిదేళ్లయింది, పాఠశాల ఆరోగ్య కార్యక్రమం కింద మా బడిలో ఆ క్లాసులు తీసుకునేదీ నేనే. ఆయన భయం నాకు అర్థమవుతుంది. అయినా అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఇదే.

మా క్లాసులో ఒక అట్టపెట్టె ఉంటుంది. పేరు రాయకుండా ఏ ప్రశ్నైనా చీటీ మీద రాసి వేయొచ్చు. చేతిరాత ఎవరిదో తెలియకూడదని వాటిని నేను నా నోట్‌బుక్కులో తిరగరాసుకుంటాను. ఆ పేజీలు ఆయన ముందు పెట్టాను. నాలుగైదు చదివి, "ఇవి మన పిల్లలే అడిగారా?" అన్నారు. అవును, పాఠం మొదలుపెట్టకముందే అడిగారు. శరీరంలో మార్పులు పదీ పదకొండేళ్లకే మొదలవుతాయి. చేతికి ఫోన్ ఎటూ వచ్చేసింది. మేం చెప్పకపోతే ఆ ప్రశ్నలు ఆగవు, జవాబు మాత్రం ఎక్కడో తప్పుగా దొరుకుతుంది.

ఎన్నో దేశాల పరిశోధనలను చూసి ఐక్యరాజ్య సమితి విద్యా సంస్థ యునెస్కో 2018లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఈ చదువు వల్ల పిల్లలు తొందరపడి లైంగిక సంబంధాల్లోకి దిగడం పెరగదని అందులో స్పష్టంగా ఉంది. అయినా పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం వచ్చేసరికి "ఇంటి దగ్గర చదువుకోండి" అనేసే బడులు ఇప్పటికీ ఉన్నాయి.

చెప్పకపోతే ఏమవుతుందో నాకు నేర్పింది ఒక ఎనిమిదో తరగతి పాప. కౌమార దశ పాఠం అయ్యాక చార్టులు మడతపెట్టే సాకుతో ఆగిపోయింది. దగ్గరి బంధువు ఒకడు రెండేళ్లుగా బాధపెడుతున్నాడట. "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదమ్మా?" అని నోరు జారాను. అలా అడగకూడదని అప్పటికి తెలియదు. "దాన్ని ఏమంటారో తెలియలేదు టీచర్" అంది. రెండేళ్లు! తన శరీర భాగాల పేర్లు ఎవరూ చెప్పలేదు, ఏది తప్పో చెప్పలేదు. ఇంట్లో తెలిస్తే బడి మాన్పించి పెళ్లి చేసేస్తారనే భయం మాత్రం ఉంది.

అపరిచితులతో జాగ్రత్త అని చెప్తే చాలనుకునే తల్లిదండ్రులు ఒకటి గమనించాలి. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో, అప్పటి ఆంధ్రప్రదేశ్‌తో సహా, చేయించిన అధ్యయనంలో 53 శాతం మంది పిల్లలు ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు ఎదురైందని చెప్పారు. వేధించినవాళ్లలో దాదాపు సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లే. వేధింపు ఎదురైనవాళ్లలో మగపిల్లలు కూడా తక్కువేం కాదు.

ఆ పాప సంగతి తెలిసినప్పుడు నాకు "బడి పరువు పోతుంది, ఇంట్లోనే సర్దుకోనివ్వండి" అని సలహా ఇచ్చినవాళ్లున్నారు. సర్దుకునే విషయం కాదది. పిల్లలను లైంగిక వేధింపుల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. దాచితే ఆరు నెలల వరకు జైలు, సంస్థను నడిపేవాళ్లు తమ కింద పనిచేసేవాళ్ల నేరాన్ని దాచితే ఏడాది వరకు. బిడ్డ చెప్పినప్పుడు "నువ్వెందుకు వెళ్లావు" అనొద్దు. "చెప్పి మంచి పని చేశావు, నీ తప్పేం లేదు" అనండి. తర్వాత పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

మిగతా అపోహల గురించి త్వరగా చెప్పేస్తాను.

మా పెట్టెలో మగపిల్లల చీటీల్లో ఎక్కువ వచ్చేది నిద్రలో వీర్యం పోవడం గురించి. దానివల్ల నీరసం, పిల్లలు పుట్టరు, ఒక బొట్టు వీర్యం అంటే వంద బొట్ల రక్తం, ఇవన్నీ అబద్ధాలు. ఆ వయసులో అది మామూలు విషయం. గోడల మీద రాసి ఉన్న నంబర్లకు ఫోన్ చేసి డబ్బు పోగొట్టుకోకండి బాబూ.

బడిలో వారానికోసారి ఇచ్చే నీలం మాత్ర పిల్లలు పుట్టకుండా చేసేదని ఒక ఊళ్లో పుకారు లేచి, మాత్రలన్నీ చెత్తబుట్టలో తేలాయి. అందులో ఉన్నది 60 మిల్లీగ్రాముల ఐరన్, ఫోలిక్ యాసిడ్, అంతే. విరేచనం నల్లగా రావడం మామూలే. అన్నం తిన్నాక వేసుకుంటే కడుపులో తిప్పడం తగ్గుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం దేశంలో 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది.

ముట్టులో ఉన్న పిల్ల తాకితే పచ్చడి పాడవదు. పండగ కోసం ముట్టు వాయిదా వేసే మాత్రలు మాత్రం మెడికల్ షాపులో అడిగి వేయించొద్దు, డాక్టరుకు చూపించండి.

కౌన్సెలింగ్ అంటే పిచ్చివాళ్లకని, చచ్చిపోవాలనిపిస్తోందా అని అడిగితే ఆ ఆలోచన మనమే పెట్టినట్టని కూడా అనుకుంటారు. రెండూ తప్పే. పరీక్షల టెన్షన్‌లో పిల్ల మాట్లాడటం మానేస్తే, తిండి మానేస్తే, పక్కన కూర్చుని నేరుగా అడగండి. అవునంటే తిట్టకండి, ఒంటరిగా వదలకండి, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. రాత్రైనా పగలైనా ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.