ఒక ఇంట్లో ఎన్ని కుటుంబాలు? మల్లన్నసాగర్ నుంచి మూసీ దాకా

2024 సెప్టెంబరులో హైదరాబాద్‌లో మూసీ సుందరీకరణ కోసం తొలగించదలచిన నది ఒడ్డు ఇళ్ళ గోడల మీద ఎర్ర రంగుతో గుర్తులు పడ్డాయి. ఆ తర్వాత కొద్ది వారాలకే, కాళేశ్వరం ప్రాజెక్టు కింద సిద్దిపేట జిల్లాలో పల్లెలను ముంచి కట్టిన మల్లన్నసాగర్ జలాశయం పేరు మళ్ళీ వార్తల్లోకి వచ్చింది. పల్లెలను పోలీసుల బలంతో ఖాళీ చేయించిన మీరు ఇప్పుడు పేదల గురించి మాట్లాడతారా అని అధికార కాంగ్రెస్, ఆ జలాశయం కట్టినప్పుడు ప్రభుత్వంలో ఉన్న బీఆర్ఎస్‌ను అడిగింది. గజ్వేల్‌లో కాలనీ కట్టించి మరీ తరలించాం, వెళ్ళి చూసి రండి అని ప్రతిపక్షంలోకి వచ్చిన బీఆర్ఎస్ బదులిచ్చింది. ఇద్దరూ నిర్వాసితుల తరఫునే మాట్లాడుతున్నట్టు కనిపిస్తారు. కానీ ఆ నిర్వాసితులు ఏళ్ళుగా కార్యాలయాల చుట్టూ తిరుగుతూ అడుగుతున్న ప్రశ్న మాత్రం ఇద్దరి మాటల్లోనూ వినపడదు. వారి ప్రశ్న ఒక్కటే: మా ఇంట్లో ఎన్ని కుటుంబాలు ఉన్నట్టు మీ లెక్క?

ప్రాజెక్టు డిజైన్ మారి 50 టీఎంసీల జలాశయం తెర మీదికి రావడం, 2016 జూలై 24న ముంపు పల్లె ఎర్రవల్లి దగ్గర లాఠీచార్జి, మరో ముంపు పల్లె వేములఘాట్‌లో దీక్షలు, 2022 ఫిబ్రవరి 23న ప్రారంభోత్సవం చాలామందికి తెలిసినవే. ఇప్పటి గొడవ అర్థం కావాలంటే వాటికంటే ముందు చూడవలసింది 2013 భూసేకరణ చట్టం మూడో సెక్షన్‌లో ‘కుటుంబం’ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం, దాని కింద ఉన్న ఒక చిన్న వివరణ. నా దృష్టిలో అసలు మలుపు అక్కడే ఉంది.

1894 నాటి చట్టానికి భూమి, పరిహారం తప్ప పునరావాసం తెలియదు. 1979లో నర్మదా ట్రిబ్యునల్ తీర్పు మేజరైన ప్రతి కొడుకునూ వేరే కుటుంబంగా లెక్కించమంది. కూతుళ్ళ ఊసు ఎత్తలేదు. 2007 జాతీయ పునరావాస విధానం మళ్ళీ పాత దారి పట్టింది. భార్య లేదా భర్త, మైనర్ కొడుకులు, పెళ్ళికాని కూతుళ్ళు, తల్లిదండ్రులు, ఆ ఇంటి మీద ఆధారపడి బతికే బంధువులు, అందరినీ కలిపి ఒకే కుటుంబం అంది. ఒక్క పొయ్యి మీద వండుకునేవారంతా ఒకే ఇల్లు అని పల్లె అనుకునే తీరుకు ఇది దగ్గరే. కానీ పునరావాసం దగ్గరికి వచ్చేసరికి పదిమందికి కలిపి ఒకే వాటా దక్కుతుంది.

2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన 2013 చట్టం ఈ లెక్కను తిరగరాసింది. 18 ఏళ్ళు దాటిన ఎవరైనా, ఆడైనా మగైనా, పెళ్ళయినా కాకపోయినా, విడి కుటుంబమే. వితంతువులు, విడాకులు పొందినవారు, కుటుంబం వదిలేసిన స్త్రీలు కూడా విడి కుటుంబాలే. ఆస్తి పత్రాల్లో ఎన్నడూ పేరు లేని ఆడవాళ్ళకు సొంత పేరుతో హక్కు వచ్చింది ఈ వాక్యంతోనే. చట్టం మొత్తంలో పేదలకు ఇంత దగ్గరగా వచ్చిన వాక్యం మరొకటి లేదని నా నమ్మకం.

ఉదాహరణకు 2016లో ముంపు పల్లెలో ఒక ఇంటిని తీసుకుందాం. పెంకుటిల్లు, వెడల్పాటి వాకిలి, పక్కన పశువుల కొట్టం, వెనక గడ్డివాము. ఇంటి పట్టా చనిపోయిన తండ్రి పేరుమీదే ఉంది. ఇంట్లో పన్నెండు మంది ఉంటారు: ముసలి తల్లి, ముగ్గురు కొడుకులు, ముగ్గురు కోడళ్ళు, భర్త వదిలేస్తే పుట్టింటికి వచ్చిన కూతురు, పెద్దకొడుకు బిడ్డ పంతొమ్మిదేళ్ళ పెళ్ళికాని పిల్ల, రెండో కొడుకు పదిహేడేళ్ళ అబ్బాయి, ఇంకా ఇద్దరు చిన్నపిల్లలు. ఊరివాళ్ళకు ఇది ఒకే ఇల్లు. చట్టం ప్రకారం ఆరు కుటుంబాలు: కొడుకులవి మూడు, తల్లిది ఒకటి, కూతురిది ఒకటి, మనవరాలిది ఒకటి. పదిహేడేళ్ళ మనవడు మాత్రం తండ్రి లెక్కలోకి పోతాడు.

ఇంత విప్పి రాసిన చట్టం అమల్లో ఉండగానే తెలంగాణ ప్రభుత్వం 2015 జూలై 30న జీవో 123 తెచ్చింది. రైతు ఇష్టపడి అమ్ముతాడు, ప్రభుత్వం కొని రిజిస్ట్రేషన్ చేయించుకుంటుంది. పనులు త్వరగా సాగడానికే ఈ దారి అన్నారు. ఆ దారిలో పోయింది ఏమిటో అప్పట్లో చాలామంది గమనించలేదు. కొనుగోలుకు పట్టాదారు ఒక్కడు కనిపిస్తే చాలు. ఆ పొలంలో కూలి చేసేవారు, కౌలుకు దున్నేవారు, ఆ ఇంట్లోని తల్లి, కూతురు, మనవరాలు ఎవరూ ఆ కాగితంలో ఉండరు. కుటుంబం అన్న మాటతోనే పని లేకుండా పోయింది. కూలీలు వేసిన పిటిషన్ మీద హైకోర్టు 2016 ఆగస్టులో ఆ జీవోను కొట్టివేసింది. వెంటనే ప్రభుత్వం అప్పీలుకు వెళ్ళింది, భూమిలేనివారి కోసం వేరే ఉత్తర్వు ఇచ్చింది, ఆ తర్వాత చట్టానికే రాష్ట్ర సవరణ తెచ్చుకుంది. అప్పటికే చాలా పొలాలు చేతులు మారాయి.

చివరికి ప్రకటించిన ప్యాకేజీలో చట్టం నీడ మళ్ళీ కనిపించింది. కుటుంబానికి 250 గజాల్లో డబుల్ బెడ్‌రూం ఇల్లు, ఏడున్నర లక్షల రూపాయలు. పెళ్ళికాని మేజర్లకు 250 గజాల ఖాళీ స్థలం, 5 లక్షలు. కాగితం మీద చిన్న మొత్తాలేమీ కావు. దేశంలో మరెక్కడా ఇంత పెద్ద పునరావాస కాలనీ కట్టలేదన్నది అప్పటి ప్రభుత్వం మాట. గజ్వేల్ పక్కన ముట్రాజ్‌పల్లి, సంగాపూర్ దగ్గర వరసగా ఇళ్ళు, రోడ్లు, బడులు కట్టిన మాట నిజం.

అయితే ఆ కాలనీలోనే ఇప్పటికీ వినిపించే ఫిర్యాదుల్లో చాలావి ఆ ఆరు కుటుంబాల లెక్క దగ్గరికే వస్తాయి. ఒంటరి వృద్ధులను, ఒంటరి మహిళలను విడి కుటుంబాలుగా గుర్తించలేదన్నది మొదటిది. మన ఉదాహరణలోని తల్లి, కూతురు ఇద్దరూ ఇక్కడే జారిపోతారు. చట్టం వారిని పేరు పెట్టి చెప్పినా సర్వే చేసినవారి కంటికి వారు కొడుకుల ఇంట్లో మనుషులే. రెండోది ఇంకా బాధాకరమైనది: 18 ఏళ్ళు ఏ తేదీకి నిండాలి? భూసేకరణ కసరత్తు 2016లో ఊపందుకుంది. ఊళ్ళు ఖాళీ అయింది 2021లో. ఆ పదిహేడేళ్ళ మనవడు మీసం మొలిచి, ఇరవై రెండేళ్ళవాడై, ఇంటి సామాను ట్రాక్టర్ మీద తానే ఎక్కించాడు. కటాఫ్ తేదీ ప్రకారం మాత్రం అతడు ఇంకా మైనరే. అతడి వంతు స్థలం లేదు, సొమ్ము లేదు. ఆలస్యం ప్రభుత్వానిది, నష్టం అతడిది. నీళ్ళు నింపడానికి ఆరు నెలల ముందే పునరావాసం పూర్తి చేయాలని అదే చట్టం 38వ సెక్షన్ చెబుతోంది. వయసును ఖాళీ చేసిన రోజు నుంచి లెక్కించమని నిర్వాసితులు అడగడంలో అన్యాయం ఏముందో నాకు కనిపించదు.

తరలింపు తర్వాత బతుకు సంగతి. 250 గజాలంటే రెండు గుంటల పైచిలుకు. గోడకు గోడ ఆనుకున్న వీధిలో గేదెను ఎక్కడ కట్టేయాలి, గడ్డి ఎక్కడ వేయాలి? చట్టం మూడో షెడ్యూల్ పునరావాస ప్రాంతంలో పశువులకు తాగునీరు, మేత భూమి, శ్మశానం ఉండాలంటుంది. పల్లెలో ఇవి ఎవరూ అడగకుండానే ఉండేవి. పట్నం అంచున మేత భూమి వెతికి ఇవ్వడం తేలిక కాదు కాబట్టి ముందు పశువులు అమ్ముడుపోతాయి. పశువులతో పాటు ముసలివాళ్ళ చేతిలో ఉన్న పని పోతుంది. ఎకరానికి ఆరేడు లక్షలు తీసుకుని వచ్చినవారు గజ్వేల్ చుట్టుపక్కల ధరలు చూసి మళ్ళీ భూమి మాట ఎత్తలేదు. ఉపాధి హామీ చట్టం గ్రామీణ ప్రాంతాలకే వర్తిస్తుంది. పట్టణ పరిధిలోకి వచ్చిన కూలీకి ఆ పని దినాలూ ఉండవు. అరవై కిలోమీటర్ల దూరంలో హైదరాబాద్ ఉంది కదా అంటారు. పాతికేళ్ళవాడికి అది దారి కావచ్చు. నాట్లు, కలుపు, కోత తెలిసిన యాభై ఏళ్ళ ఆడమనిషికి ఆ దారి లేదు.

పన్నెండు మంది ఒక వాకిట్లో బతికినప్పుడు ముసలమ్మకు అన్నం ఎవరు పెట్టాలన్న ప్రశ్న రాలేదు. మూడు ఇళ్ళు మూడు వీధుల్లో పడ్డాక ఆ ప్రశ్న వచ్చింది. తల్లికి విడిగా ఇల్లు ఇచ్చి ఉంటే ఆమె తన గడపలో ఉండేది, కొడుకులే అక్కడికి వచ్చేవారు. ఎక్కువ కుటుంబాలుగా లెక్కిస్తే ప్రభుత్వానికి ఖర్చు పెరుగుతుంది, నిజమే. తక్కువగా లెక్కిస్తే ఆ ఖర్చును ఆ ఇంటివాళ్ళే ఇలా మోస్తారు.

ఇక మూసీ. అక్కడివారికి చూపించిన డబుల్ బెడ్‌రూం ఇల్లు 560 చదరపు అడుగులు. ఒకే డాబాలో ముగ్గురు అన్నదమ్ములు కాపురం ఉంటే ఇళ్ళు ఎన్ని? కింద అద్దెకు ఉన్నవారి సంగతి ఏమిటి? ఇక్కడ 2013 చట్టాన్ని వర్తింపజేస్తే, పట్టణ ప్రాంతంలో సేకరణకు ముందు మూడేళ్ళుగా ఆ స్థలంలో నివసిస్తున్న కుటుంబం కూడా బాధిత కుటుంబమే. పట్టా ఉందా అన్నది అక్కడ మొదటి ప్రశ్న కాదు. గజ్వేల్ మీదుగా వెళ్ళే ప్రాంతీయ రింగ్ రోడ్డు కోసం భూములు పోగొట్టుకునే పల్లెల్లోనూ ఇదే లెక్క మొదలవుతుంది. గోడ మీద గుర్తు పెట్టే ముందే ఆ ఇంట్లో ఉన్న ప్రతి మనిషి పేరు, వయసు రాసుకోవాలి. ఏ తేదీ ప్రాతిపదిక అన్నది అక్కడే, ఇంటివాళ్ళ ముందే చెప్పి, ఆ జాబితా నకలు వాళ్ళ చేతికి ఇవ్వాలి.