ఒంటరిగా శ్రీశైలం నడక: అపోహలు - వాస్తవాలు

శివరాత్రి నెల రోజులుందనగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. "స్వామీ, తోడు ఎవరూ లేరు, ఒక్కడినే పోవచ్చునా?" కల్వకుర్తి నుంచి శ్రీశైలం దాదాపు 130 కిలోమీటర్లు. పన్నెండేళ్లుగా ఈ దారిన ఒక్కడినే నడుస్తున్నా. ఈ మధ్య మూడేళ్లుగా మన్ననూరు దగ్గర అన్నదానం టెంటులో రెండు రోజులు ఆగి, యాత్రికుల కాళ్లకు కట్లు కట్టి, ఆ తర్వాత ముందుకు పోతున్నా. అక్కడ పదే పదే వినే మాటలకు నా జవాబులివి.

అపోహ: అడవిలో ఒంటరిగా పోతే పులి వదలదు.

అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో పులులున్న మాట నిజమే. కానీ మనిషి అలికిడి వింటే పులి తప్పుకునే రకం. తెల్లవారుజామున, మునిమాపున ఎదురయ్యే ఎలుగుబంటికి నేను ఎక్కువ భయపడతా. అందుకే అడవిలో వెలుగు వచ్చాకే నడక, చీకటి పడకముందే మజిలీ. అడ్డదారి దగ్గరని ఎవరు చెప్పినా తారు రోడ్డు వదలను. మామూలు రోజుల్లో మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలు ఆపేస్తారు. దీన్నిబట్టే అడవి ఏ వేళ ఎవరిదో తెలుస్తుంది. నిజమైన ప్రమాదం మాత్రం బండ్లది. ఎదురుగా వచ్చే బండి కనబడేలా రోడ్డుకు కుడి పక్కన నడవండి, సంచికి మెరిసే టేపు అతికించండి.

ఇంకో మాట. శివరాత్రి ముందు రోజుల్లో దారి పొడుగునా జనమే, ఒక్కడినే వచ్చానన్న దిగులు అక్కర్లేదు. మిగతా రోజుల్లో మొదటిసారి వెళ్లేవాళ్లకు ఆ అడవి దారిలో ఒంటరి నడక వద్దనే చెబుతా.

అపోహ: ఉత్త కాళ్లతో నడిస్తేనే పుణ్యం. పొక్కు వస్తే చీల్చి పసుపు పెడితే చాలు.

దీక్షలో ఉన్నవాళ్ల నియమాన్ని నేను కాదనను. ఏడాదంతా చెప్పులతో తిరిగి, నడక మొదలుపెట్టే రోజు పొద్దున మాత్రం చెప్పులు విడిచేవాళ్ల గురించే నా బాధ. పోయినేడు టెంటుకు ఒక పిల్లవాడు వచ్చాడు. తొట్టిలో కాలు పెట్టి కడిగితే మడమ కింద తోలు ఇంత వెడల్పున ఊడి, లోపల ఎర్రటి కండకు కంకర పలుకులు అంటుకుని ఉన్నాయి. పొక్కును తానే గోరుతో చీల్చి, పసుపు అద్ది, ఇంకో పది కిలోమీటర్లు నడిచాడట.

పొక్కు మీది తోలే దానికి మంచి కట్టు. దాన్ని పీకొద్దు. శుభ్రంగా కడిగి, పైన గాజుగుడ్డ వేసి టేపు అంటించండి. దూది పెడితే పుండుకు అతుక్కుంటుంది. బాగా ఉబ్బి నడవనీయకపోతే, శుభ్రం చేసిన సూదితో అంచున చిన్న రంధ్రం చేసి నీరు వదలండి, తోలును అలాగే ఉంచండి. అసలు పొక్కు రాకముందే చురుక్కుమంటుంది. అప్పుడే ఆగి ఆ చోట టేపు వేస్తే సగం కష్టం తప్పుతుంది. చెప్పులైనా బూట్లైనా నెల ముందు నుంచి వాడినవే వేసుకోవాలి. షుగర్ ఉన్నవాళ్లు ఉత్త కాళ్లతో అసలు నడవొద్దు. కాలు మొద్దుబారి ఉంటే గాయమైనా తెలియదు.

అపోహ: మొదటి రోజు 40 కిలోమీటర్లు కొడితే తర్వాత తేలిక.

తర్వాతే కష్టం. కొత్తవాళ్లకు రోజుకు 20, 25 చాలు. నెల ముందు నుంచే సంచి భుజాన వేసుకుని నడక అలవాటు చేసుకోండి. ఈగలపెంట దాటాక ఘాట్ దిగుడు మొదలవుతుంది. డ్యామ్ కనబడగానే చాలామంది పరుగెత్తుతారు. మోకాళ్లు అక్కడే దెబ్బతింటాయి, కాలి గోళ్లు అక్కడే నల్లబడతాయి. చిన్న అడుగులు వేయండి. వంతెన దాటాక సున్నిపెంట వైపు మళ్లీ ఎక్కుడే.

నీళ్ల సంగతి: దాహం వేసేదాకా ఆగకండి. బాగా చెమట పడితే ఓఆర్‌ఎస్ కలుపుకోండి. పొట్లం మీద లీటరు అని ఉంటే మొత్తం లీటరులోనే కలపాలి, గ్లాసులో సగం పొట్లం పోసుకోవద్దు. అడవిలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. ఏ రోజు ఏ ఊళ్లో ఉంటారో ఇంట్లో రాసిపెట్టి, ఇంటి నంబరు కాగితం మీద జేబులో ఉంచుకోండి.

అపోహ: మధ్యలో బస్సెక్కితే మొక్కు చెడుతుంది.

నా మొదటి యాత్రలో మడమ చీలి వటవర్లపల్లి దగ్గర కూలబడ్డా. ఇంత దూరం వచ్చి ఓడిపోయానని ఏడుస్తుంటే, టెంటులో అన్నం వడ్డించే అవ్వ పక్కన కూర్చుని, "మల్లన్న యాడికి పోతడు బిడ్డా? కాళ్లు మానినంక మళ్ల నడువు" అంది. ఆ మధ్యాహ్నమే బస్సెక్కి దర్శనం చేసుకుని ఇంటికి వచ్చా. మరుసటి ఏడు అదే చోట బస్సు దిగి, అక్కడి నుంచి శ్రీశైలం దాకా నడిచా.