ఎంజైములు: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

తిరుపతిలో మా ప్రయోగశాలకు ప్రాజెక్టు పని కోసం వచ్చే విద్యార్థుల్లో చాలామంది ఎంజైముల (ప్రాణుల్లో రసాయన చర్యలను వేగవంతం చేసే అణువుల) నిర్వచనాలను తడుముకోకుండా అప్పజెప్పగలరు గానీ, కాసేపు మాట్లాడితే ఆ నిర్వచనాల వెనుక పాతుకుపోయిన పొరపాటు భావనలు బయటపడతాయి. ఈ రంగంలో పనిచేయదలచినవారికి అవి నిజంగా అడ్డుపడతాయి కాబట్టి కొన్నింటిని ఇక్కడ వివరిస్తున్నాను.

అపోహ: ఎంజైము చర్యను ఒక దిశలోకి నెడుతుంది.

అన్నిటికంటే బలమైన అపోహ ఇదే. ఎంజైము చేసేది ఉత్తేజన శక్తి అనే అడ్డంకిని తగ్గించడం మాత్రమే. అందువల్ల పురోగామి చర్య, తిరోగామి చర్య రెండూ ఒకే నిష్పత్తిలో వేగం పుంజుకుంటాయి. సమతాస్థితి, అంటే రెండు చర్యల వేగాలూ సమానమయ్యే స్థితి, మాత్రం కదలదు. ఎర్ర రక్తకణాల్లోని కార్బోనిక్ అన్‌హైడ్రేజ్‌ను చూడండి. కండరాల్లో పుట్టిన కార్బన్ డయాక్సైడ్‌ను బైకార్బొనేట్‌గా మార్చేదీ, రక్తం ఊపిరితిత్తులకు చేరాక ఆ బైకార్బొనేట్‌ను మళ్లీ కార్బన్ డయాక్సైడ్‌గా మార్చేదీ ఈ ఒక్క ఎంజైమే. దీని ఒక్క అణువు సెకనుకు సుమారు 10 లక్షల కార్బన్ డయాక్సైడ్ అణువులను మార్చగలదు. అంత వేగమున్నా, చర్య ఎటు సాగాలో నిర్ణయించేవి ఆయా చోట్ల ఉన్న గాఢతలే.

అపోహ: వేడి చేస్తే ఎంజైము చచ్చిపోతుంది.

ఎంజైము ప్రాణి కాదు. ఈస్ట్ కణాలను నూరి పిండిన రసంలో, బతికున్న కణం ఒక్కటీ లేకుండానే, చక్కెర పులిసి ఆల్కహాల్‌గా మారుతుందని ఎడ్వర్డ్ బుక్నర్ 1897లోనే చూపాడు. వేడికి జరిగేది ప్రోటీన్ గొలుసు మడతలు విడిపోవడం. మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పచ్చి ఉర్లగడ్డ ముక్క మీద వేస్తే కెటలేజ్ ఎంజైము వల్ల తెల్లటి నురుగు పొంగుతుంది. బాగా ఉడికించి చల్లార్చిన ముక్క మీద పొంగదు. చిత్తూరు ప్రాంతపు ఫ్యాక్టరీల్లో తోతాపురి గుజ్జును వేడి చేసేది సూక్ష్మజీవుల కోసమేనని చాలామంది అనుకుంటారు. రంగు మార్చే పాలీఫినాల్ ఆక్సిడేజ్‌ను, చిక్కదనాన్ని చెడగొట్టే పెక్టిన్ ఎంజైములను పనిచేయకుండా చేయడం కూడా ఆ వేడి వల్లే సాధ్యమవుతుంది. అయితే ఎంత వేడికి మడతలు విడిపోతాయన్నది ఆ ప్రోటీన్ నిర్మాణాన్ని బట్టి ఉంటుంది. వేడి నీటి బుగ్గల్లోని థర్మస్ అక్వాటికస్ బాక్టీరియా నుంచి వచ్చిన పాలిమరేజ్ (డీఎన్‌ఏను తయారుచేసే ఎంజైము) 95 డిగ్రీల వద్ద కూడా నిలుస్తుంది కాబట్టే, పదేపదే వేడి చేస్తూ డీఎన్‌ఏ ప్రతులను పెంచే పీసీఆర్ పద్ధతి సులభమైంది.

అపోహ: ఎంజైము తాళం, సబ్‌స్ట్రేట్ (ఎంజైము మార్చే పదార్థం) తాళంచెవి.

ఎమిల్ ఫిషర్ 1894లో ప్రతిపాదించిన ఈ నమూనా విశిష్టతను, అంటే ఒక్కో ఎంజైము తనకు తగిన పదార్థంతోనే పనిచేయడాన్ని, చక్కగా వివరించింది, కానీ ఎంజైము బిగుసుకుపోయిన వస్తువన్న భావనను మిగిల్చింది. సబ్‌స్ట్రేట్ చేరినప్పుడు ఎంజైము తన ఆకారాన్ని సర్దుకుంటుందని 1958లో డేనియల్ కోష్‌లాండ్ ప్రతిపాదించాడు. గ్లూకోజ్ వచ్చి కూర్చోగానే, దానికి ఫాస్ఫేటును చేర్చే హెక్సోకైనేజ్ ఎంజైము రెండు భాగాలూ దగ్గరకు వచ్చి మూసుకుంటాయి, దాంతో నీటి అణువులు బయటే ఉండిపోతాయి. లేకపోతే కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువులోని ఫాస్ఫేటు గ్లూకోజ్‌కు బదులు నీటికి చేరి వృథా అయ్యేది. అణువు కదలికే ఇక్కడ ఉత్ప్రేరణలో భాగమని నా విద్యార్థులకు పదేపదే చెబుతుంటాను.

అపోహ: ఎంజైములన్నీ ప్రోటీన్లే.

దాదాపు అన్నీ ప్రోటీన్లే, అన్నీ కావు. ఆర్‌ఎన్‌ఏ కూడా ఉత్ప్రేరకంగా పనిచేస్తుందని 1980లలో థామస్ చెక్, సిడ్నీ ఆల్ట్‌మన్ నిరూపించారు. కణంలో ప్రోటీన్లను తయారుచేసే రైబోజోముల్లో అమైనో ఆమ్లాల మధ్య పెప్టైడ్ బంధాన్ని కలిపేది కూడా ఆర్‌ఎన్‌ఏనే.

అపోహ: ఎంజైము పనిని మైక్రోస్కోపులో చూస్తారు.

మా రోజువారీ పనిలో చూసేది అణువును కాదు, అది మిగిల్చే జాడను. పైరువేట్‌ను లాక్టేట్‌గా మార్చే లాక్టేట్ డీహైడ్రోజినేజ్ విషయంలో ఎన్‌ఏడీహెచ్ అనే సహాయక అణువు ఖర్చవుతున్న కొద్దీ 340 నానోమీటర్ల వద్ద కాంతి శోషణ తగ్గుతుంది. కాలంతో ఆ తగ్గుదలను చూపే గీత తొలి వాలే మనకు చర్య వేగం. ఫాస్ఫేటును విడుదల చేసే ఎంజైములకైతే, మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించిన పద్ధతి ఉంది: ఫాస్ఫేటు ఎంత ఉంటే నీలిరంగు అంత చిక్కబడుతుంది. ఎంజైము కలపని గొట్టాన్ని కూడా పక్కన పెట్టి దాని రీడింగును తీసివేయాలి. లేకపోతే తనంతట తానే విడిపోయిన ఫాస్ఫేటు సైతం ఎంజైము లెక్కలోకి చేరిపోతుంది.