ఇంటి గ్యారేజీ: అపోహలు - వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకుని ఇరవై ఏళ్లు దాటింది. ఈమధ్య నాకొచ్చే ఫోన్లలో చాలావరకు రిపేర్ల గురించి కాదు. "అన్నా, ఇంట్లో కారు షెడ్డు ఉంది. ఆదివారం పూట కారు పని నేనే చేసుకుంటా, ఫ్రెండ్స్ వస్తే అక్కడే కూర్చుంటాం. ఏమేం కొనాలో చెప్పు" అంటారు. నేను ముందు అడిగేది రెండే: కింద నేల ఏంటి, గాలి ఎటు నుంచి ఎటు పోతుంది? కొనుగోళ్ల సంగతి ఆ తర్వాతే. ఎందుకంటే అక్కడ మెకానిక్ ఒక్కడే ఉండడు, పక్కన కుర్చీలో పిల్లలూ స్నేహితులూ ఉంటారు.

అపోహ: మంచి జాకీ ఉంటే కారు కిందికి దూరొచ్చు.

జాకీ ఉన్నది కారును లేపడానికే. లేపాక నిలబెట్టాల్సింది ఇనుప స్టాండ్ల మీద. హైడ్రాలిక్ జాకీలో సీలు ఎప్పుడు కారుతుందో పైనుంచి చూసి ఎవరూ చెప్పలేరు. సిమెంటు ఇటుకల మీద నిలబెట్టడం ఇంకా ప్రమాదం, అవి ఏ సూచనా ఇవ్వకుండా పగులుతాయి. ఇంతవరకు చాలామందికి తెలుసు. నేల గురించే ఎవరూ ఆలోచించరు.

గుంటూరులో తెలిసిన తమ్ముడి ఇంట్లో ఒకసారి ముందు బ్రేక్ ప్యాడ్లు మారుస్తున్నాం. పోర్టికోలో రెండడుగుల టైల్స్, కొత్తవి. స్టాండు పెట్టాం, చక్రం విప్పాం. కాసేపటికి టక్‌మని శబ్దం వచ్చింది. స్టాండు కాలి కింద టైలు పగిలి, కాలు లోపలికి కుంగి కారు ఒరిగింది. విప్పిన చక్రాన్ని అలవాటు ప్రకారం బాడీ కిందికి తోసి ఉంచాను, కారు దాని మీద ఆగింది. అప్పటికి నా చెయ్యి డిస్కు దగ్గరే ఉంది. ఆ రోజు తర్వాత, విప్పిన చక్రం కారు కింద పడుకోబెట్టకుండా మా దగ్గర ఎవరూ పని మొదలుపెట్టరు.

టైల్స్ కింద సిమెంటు అన్నిచోట్లా సమంగా పరుచుకోదు. నాణెంతో తట్టి చూడండి, బోలుగా మోగిన చోట కింద ఖాళీ ఉన్నట్టే. స్టాండు నాలుగు చిన్న కాళ్ల మీద వందల కిలోల బరువు పడుతుంది. టైల్స్, షాబాద్ బండలు ఉన్నచోట బరువైన పని పెట్టుకోకపోవడమే మంచిది. గట్టి కాంక్రీటు నేల మీద కూడా నేను ప్రతి స్టాండు కింద అడుగు చదరం 18 ఎంఎం ప్లైవుడ్ ముక్క వేస్తాను.

ఇంకోటి, నీళ్లు పోవాలని పోర్టికో నేలను గేటు వైపు వాలుగా పోస్తారు. చాలా కార్లలో హ్యాండ్ బ్రేక్ పనిచేసేది వెనక చక్రాల మీదే. వెనక భాగం లేపారంటే ఆ బ్రేకు గాలిలో ఉన్నట్టే. ముందు చక్రాలకు రెండు వైపులా చెక్క దిమ్మలు పెట్టాకే జాకీ ముట్టుకోండి.

అపోహ: షటర్ తీసే ఉంది కదా, ఇంజన్ ఆన్‌లో ఉంచినా పర్లేదు.

దీనికి మాత్రం నేను గట్టిగానే చెబుతాను. పొగలో వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా అతుక్కుంటుంది. మూడు గోడలు, ఒక షటర్ ఉన్న షెడ్డులో షటర్ పూర్తిగా ఎత్తినా లోపలి మూలల్లో అది పేరుకుంటుంది. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం మొదలైతే ఎండ దెబ్బ అనో గ్యాస్ ట్రబుల్ అనో అనుకుంటారు. పొద్దున్నే "ఇంజన్ కాస్త వేడెక్కనీ" అని స్టార్ట్ చేసి వదిలేయడం మరీ చెడ్డ అలవాటు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే, పొగ గొట్టంలో విష వాయువులను తగ్గించే కన్వర్టర్ ఇంకా పని అందుకోకముందే, ఈ గ్యాస్ ఎక్కువ వస్తుంది. స్టార్ట్ చేయాల్సిన పని ఏదైనా కారును బయటికి తోసి చేయండి. మామూలు స్మోక్ అలారం దీన్ని పట్టుకోదు, కార్బన్ మోనాక్సైడ్ అలారం విడిగా కొనాలి.

అపోహ: పాత మెకానిక్ షెడ్లలోలా గుంత తవ్విస్తే పని సులువు.

ఇంట్లో వద్దు. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు. పైన ఒక పైపు కారితే ఆవిరి నేరుగా మీరు నిలబడ్డ గుంతలోకే దిగుతుంది. వానాకాలం ఊట నీళ్లు, పిల్లలు పడతారన్న టెన్షన్ అదనం. ఆయిల్ మార్చడానికి, కారు ముందు చక్రాలు ఎక్కించే ఒక జత ర్యాంపులు చాలు.

కూర్చునే చోటని చిన్న ఫ్రిజ్ పెట్టాలనుకునేవాళ్లకూ ఇదే కారణం చెబుతాను. ఆవిరి నేలబారున పాకుతుంది, ఫ్రిజ్ మోటారు దగ్గర నిప్పురవ్వ వచ్చేదీ కిందే. అమెరికాలో ఉన్న మనవాళ్లు గమనించే ఉంటారు, అక్కడి చాలా గ్యారేజీల్లో గీజర్లు నేల మీద కాకుండా 18 అంగుళాల దిమ్మ మీద ఉంటాయి. షెడ్డులో పెట్రోల్ క్యాన్ నిల్వ ఉంచకండి.

అపోహ: పెద్ద టూల్ కిట్ లేనిదే పని జరగదు.

మారుతి, టయోటా లాంటి బండ్లకు 10, 12, 14, 17 పానాలతో చాలా పని అయిపోతుంది. మిగిలిన డబ్బు టార్క్ రెంచ్ మీద, అంటే ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా మీద పెట్టండి. చక్రం నట్లను పానాకు పైపు తొడిగి, దాని మీద నిలబడి బిగిస్తే స్టడ్, అంటే నట్టు ఎక్కే బోల్టు సాగుతుంది. ఎంత బిగించాలో మీ కారు మాన్యువల్లో ఉంటుంది. పానాలు తగిలించే ప్లైవుడ్ బోర్డు మీద ఒక్కోదాని చుట్టూ మార్కర్‌తో గీత గీయండి. బానెట్ మూసే ముందు ఒకసారి బోర్డు వైపు చూస్తే, ఖాళీ గీత కనబడిందా, ఆ పానా ఇంజన్ మీదే మిగిలిపోయిందన్నమాట.

లైట్ల విషయం చిన్నదే. సీలింగ్ మధ్యలో వేసిన ట్యూబ్ కారు టాపును వెలిగిస్తుంది, ఇంజన్ మీద బానెట్ నీడ పడుతుంది. రెండు పక్క గోడలకూ, ఎదుటి గోడకూ వేయించండి.

అపోహ: పాత ఇంజన్ ఆయిల్ చెదలకు మందు.

పెరట్లో, తలుపు చెక్కలకు, ఆఖరికి మొక్కల పాదుల దగ్గర కూడా పోసేవాళ్లను చూశాను. వాడిన ఆయిల్‌లో అరిగిన లోహపు పొడి, క్యాన్సర్ కారకాలు ఉంటాయి. మట్టిలోకి ఇంకితే బోరు నీళ్ల దాకా పోయే ప్రమాదం ఉంది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో దీన్నీ చేర్చారు. చిన్న కారుకు మూడు నాలుగు లీటర్లు దిగుతుంది, కొత్త ఆయిల్ వచ్చిన డబ్బాలోనే పట్టి, పాత ఆయిల్ తీసుకునే సర్వీస్ సెంటర్‌లో ఇచ్చేయండి. నేల మీద ఒలికితే రంపపు పొట్టు చల్లి ఊడవండి, నీళ్లు కొట్టకండి.

ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్‌ను కూల్‌డ్రింక్ సీసాలో పోసి షెల్ఫు మీద పెట్టేవాళ్లూ ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. చాలా కూలెంట్లలో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కొద్దిగా తాగినా కిడ్నీలు పాడవుతాయి. పిల్లలు, పెంపుడు కుక్కలు ఇష్టంగా తాగేస్తాయి. కూలెంట్ దాని డబ్బాలోనే, తాళం ఉన్న అల్మారాలో ఉండాలి.

కూర్చునే చోటు, పనిచేసే చోటు మధ్య నేల మీద పసుపు గీత వేయించండి. కారు స్టాండ్ల మీద ఉన్నంతసేపు పిల్లలు ఆ గీత దాటకూడదు. నిప్పు ఆర్పే ఏబీసీ పౌడర్ సిలిండర్ పని బల్ల పక్కన కాదు, బయటికి వెళ్లే దారి పక్కన గోడకు తగిలించండి. మంట లేచేది బల్ల దగ్గరైతే దాన్ని దాటుకుని వెళ్లి సిలిండర్ తేలేరు.