శని, ఆదివారాల ట్రేడింగ్: అపోహలు – వాస్తవాలు

శుక్రవారం మధ్యాహ్నం మూడున్నరకు స్టాక్ ఎక్స్ఛేంజీలు ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈ మూతపడితే మళ్లీ మామూలు ట్రేడింగ్ మొదలయ్యేది సోమవారం 9:15కే. మధ్యలో 65 గంటల చిల్లర. అనంతపురం సప్తగిరి సర్కిల్ నుంచి కడప ఏడు రోడ్ల దాకా ట్రేడింగ్ గ్రూపుల్లో తప్పుడు మాటలు జోరుగా తిరిగేది ఆ గంటల్లోనే. మాకు పదే పదే ఎదురయ్యేవి ఇవి.

అపోహ: శని, ఆదివారాల్లో మన మార్కెట్ అసలు తెరవదు.

చాలావరకు నిజమే గానీ పూర్తిగా కాదు. బడ్జెట్ 2025 ఫిబ్రవరి 1, శనివారం వచ్చింది. ఆ రోజు మామూలు వేళల్లోనే ట్రేడింగ్ జరిగింది. 2024 జనవరి 20 శనివారం కూడా పూర్తి సెషన్ నడిచింది, బదులుగా 22 సోమవారం సెలవిచ్చారు. 2023లో దీపావళి ముహూర్తం ట్రేడింగ్ నవంబర్ 12, ఆదివారం సాయంత్రం గంటసేపు పెట్టారు. 2024 మార్చి 2, మే 18 శనివారాల్లో డిజాస్టర్ రికవరీ సైట్‌ను (అసలు వ్యవస్థ ఆగిపోతే వాడే ప్రత్యామ్నాయ కేంద్రాన్ని) పరీక్షించడానికి రెండు చిన్న సెషన్లు నడిపారు.

ఇలాంటి రోజుల్లో దెబ్బ తగిలేది ఎక్కువగా సెటిల్‌మెంట్ దగ్గర, అంటే షేర్లు, డబ్బు ఖాతాలు మారే చోట. ట్రేడింగ్ ఉన్నా బ్యాంకులకు, డిపాజిటరీకి (షేర్ల ఖాతాలు ఉండే సంస్థకు) సెటిల్‌మెంట్ సెలవు కావచ్చు. అంతకుముందు రోజు కొన్న షేర్లు ఖాతాలోకి రాకముందే అమ్మబోతే ఆర్డర్ రిజెక్ట్ కావచ్చు, అమ్మిన డబ్బుతో మరోటి కొందామంటే ఆ డబ్బు బ్యాలెన్స్‌లో కనపడకపోవచ్చు. ఎక్స్ఛేంజ్ సర్క్యులర్‌లో ట్రేడింగ్ వేళల పక్కనే సెటిల్‌మెంట్ షెడ్యూలు కూడా ఉంటుంది, అదీ చదవండి.

అపోహ: శనివారం యాప్‌లో ధరలు కదిలాయి, అంటే లోపల ఏదో జరుగుతోంది.

ఏమీ జరగడం లేదు. ఎక్స్ఛేంజీలు శనివారాల్లో మాక్ ట్రేడింగ్ పెడుతుంటాయి, బ్రోకర్లు తమ సాఫ్ట్‌వేర్ సరిచూసుకోవడానికి. ఆ డేటా కొన్నిసార్లు మామూలు యాప్‌లోకీ వచ్చేస్తుంది. 500 రూపాయల షేరు 430 అని చూపించినా ఖంగారు పడొద్దు. మాక్‌లో జరిగిన లావాదేవీకి డబ్బు గానీ షేర్లు గానీ చేతులు మారవు. ఆ సమయంలో ఆర్డర్లు పెట్టకుండా ఉంటే సరి.

అపోహ: ఆదివారం కూడా ఫారెక్స్ ఆడొచ్చు, ‘ఓటీసీ’ జతలు ఉన్నాయి కదా.

డిగ్రీ పిల్లల జేబులకు చిల్లు పెడుతున్నది ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి.

ప్రపంచ ఫారెక్స్ మార్కెట్, అంటే యూరో–డాలర్ లాంటి కరెన్సీ జతలు కొని అమ్మే చోటు, న్యూయార్క్‌లో శుక్రవారం సాయంత్రం అయిదింటికి ఆగిపోతుంది. తిరిగి మొదలయ్యేది అక్కడి ఆదివారం సాయంత్రం అయిదింటికి. మన లెక్కలో సోమవారం తెల్లవారుజాము 2:30, అమెరికాలో చలికాలమైతే 3:30. మరి శనివారం మధ్యాహ్నం మీ ఫోన్‌లో నిమిషం నిమిషానికీ ఎగిరి దూకే యూరో–డాలర్ చార్ట్ ఎక్కడిది? దాని పక్కన ‘ఓటీసీ’ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది చూడండి. ఆ ధర ఏ బ్యాంకూ ఇచ్చింది కాదు, ఆ ప్లాట్‌ఫామ్ సర్వర్ పుట్టించింది. ధర పెరుగుతుందని మీరు ‘అప్’ నొక్కితే ఎదురు పక్షాన నిలబడేదీ వాళ్లే. ధర చెప్పేవాడూ, పందెం కాసేవాడూ, గెలుపోటములు తేల్చేవాడూ ఒక్కడే.

పరీక్షించడం సులువు. శనివారం ఒకే నిమిషంలో రెండు వేర్వేరు ప్లాట్‌ఫామ్‌ల డెమో ఖాతాల్లో అదే ఓటీసీ జత తెరవండి. ఒకదాంట్లో ఎర్ర క్యాండిల్ (ధర తగ్గినట్టు), ఇంకోదాంట్లో పచ్చ క్యాండిల్ (పెరిగినట్టు) కనపడటం మామూలే. నిజమైన మార్కెట్ అయితే అంత తేడా ఉండదు. ఇండికేటర్లు, ప్యాటర్న్‌లు ఎన్ని నేర్చుకున్నా వాటికి అక్కడ పట్టు దొరకదు. చెల్లింపులు కూడా వాళ్ల వైపే మొగ్గి ఉంటాయి: 100 పెట్టి గెలిస్తే 80 లాభం, ఓడితే 100 మొత్తం పోతుంది. ఈ లెక్కలో నష్టం లేకుండా నిలవాలంటేనే వందకు 56 సార్లు గెలవాలి.

ఇక చట్టం సంగతి. రూపాయి ఉన్న జతలు, యూరో–డాలర్ లాంటి మరికొన్ని జతలు గుర్తింపు పొందిన ఎక్స్ఛేంజీల్లో, అదీ పనిదినాల్లోనే అనుమతి. అనుమతి లేని ప్లాట్‌ఫామ్‌ల జాబితాను 2022 నుంచి రిజర్వ్ బ్యాంక్ తన వెబ్‌సైట్‌లో పెడుతోంది. అందులో పేరు లేనంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదని కూడా అక్కడే రాసి ఉంటుంది. డబ్బు పంపే దారి ఇంకో తలనొప్పి. ముక్కూమొహం తెలియని వ్యక్తి యూపీఐకి పంపమంటారు, లేదా యూఎస్‌డీటీ అనే క్రిప్టో కాయిన్ కొనిపిస్తారు. అవతలి ఖాతా ఏదో సైబర్ మోసం కేసులో ఉంటే, తిరిగి మీకొచ్చిన ఆరేడు వేల కోసం మీ బ్యాంకు ఖాతాకే తాళం పడొచ్చు. నోటీసు ఇంకో రాష్ట్రం పోలీసుల నుంచి వస్తుంది, విడిపించుకోవడానికి నెలలు పట్టొచ్చు.

ఆదివారం నిఫ్టీ (ఎన్‌ఎస్‌ఈలో 50 పెద్ద కంపెనీల సూచీ) షేర్లు ‘లైవ్’గా కొనిపించే యాప్, ‘ఇన్‌స్టిట్యూషనల్ అకౌంట్’ పేరుతో సెలవు రోజు బ్లాక్ డీల్ (ఒకేసారి పెద్దమొత్తంలో షేర్ల లావాదేవీ) ఇప్పిస్తామనే గ్రూపు కూడా ఈ కోవలోవే. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ రిజిస్ట్రేషన్ ఉన్న బ్రోకర్ యూపీఐ ఐడీలో ఇప్పుడు పేరు తర్వాత ‘.బీఆర్‌కే’, ఆపైన ‘@వ్యాలిడ్’, దాని వెంట బ్యాంకు పేరు ఉంటాయి. పంపేటప్పుడు పచ్చ త్రికోణంలో బొటనవేలి గుర్తు కనపడాలి. డబ్బు వెళ్లిపోయిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆదివారమని సోమవారం దాకా ఆగితే ఆ డబ్బు నాలుగు ఖాతాలు దాటిపోతుంది.

అపోహ: స్టాప్‌లాస్ పెట్టాను, వారాంతం నిశ్చింత.

స్టాప్‌లాస్ అంటే ధర ఫలానా స్థాయికి (ట్రిగ్గర్) పడితే అమ్మేయమనే ఆర్డర్. మామూలుది ఆ రోజుతోనే రద్దయిపోతుంది. శుక్రవారం పెట్టింది సోమవారానికి ఉండదు. ‘జీటీటీ (రోజు మారినా రద్దు కాని ఆర్డర్) పెట్టాను’ అంటారా? అది బ్రోకర్ సర్వర్‌లో ఉంటుంది, ట్రిగ్గర్ తగిలాక ఎక్కువగా లిమిట్ ఆర్డర్‌గానే (చెప్పిన ధరకు తక్కువైతే అమ్మొద్దని) ఎక్స్ఛేంజ్‌కు వెళ్తుంది. అక్కడే చిక్కు.

షేరు 500 దగ్గర ఉంది. ట్రిగ్గర్ 480, లిమిట్ 478 పెట్టారు. ఆదివారం చెడ్డ వార్త వచ్చింది, సోమవారం 455 దగ్గర తెరుచుకుంది. ట్రిగ్గర్ తగిలింది, ఆర్డరూ వెళ్లింది, కానీ 478కి కొనేవాడు లేడు. షేరు 440కి జారుతున్నా మీ ఆర్డర్ ‘ఓపెన్’ అని అలాగే నిలబడి ఉంటుంది. లిమిట్‌ను ట్రిగ్గర్‌కు బాగా కిందగా పెడితే అమ్ముడుపోయే అవకాశం పెరుగుతుంది. అయినా దొరికేది 455 చుట్టుపక్కల ధరే, 480 కాదు. షేరు లోయర్ సర్క్యూట్‌లో (ఆ రోజుకు ధర పడగల చివరి హద్దులో) తెరుచుకుంటే అదీ లేదు.

ఆదోని యార్డుకు సెలవొచ్చిందని పత్తి ధర ఆగదు, గేటు తెరిచాక తెలుస్తుందంతే. షేర్లూ అంతే. కాబట్టి వారాంతం దాటించే పొజిషన్‌కు రక్షణ సైజులోనే, అంటే ఎన్ని షేర్లు ఉంచుకుంటారన్నదాంట్లోనే. రెండు లక్షల పెట్టుబడిలో ఒక ట్రేడ్‌కు 1 శాతం, అంటే 2,000 నష్టానికి సిద్ధపడ్డారనుకోండి. 20 రూపాయల స్టాప్‌లాస్‌తో ఆ లెక్కకు 100 షేర్లు. వారాంతం గ్యాప్ (శుక్రవారం ముగింపుకూ సోమవారం ఓపెన్‌కూ తేడా) 45 రూపాయలు ఉండొచ్చని అనుకుంటే 2,000ను 45తో భాగించాలి: 44 షేర్లు. మిగతా 56 శుక్రవారం మూడు గంటలకే వదిలించుకోండి. చార్ట్‌లో ఆ షేరు గత రెండేళ్ల సోమవారాల్లో ఎంత గ్యాప్‌తో తెరుచుకుందో చూస్తే ఆ 45 అనే అంకె ఎక్కడి నుంచి తేవాలో తెలుస్తుంది. బ్యాంకు షేర్లు పట్టుకున్నవాళ్లు ఇంకో విషయం చూడాలి: హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్, ఐసీఐసీఐ బ్యాంక్ త్రైమాసిక ఫలితాలు చాలాసార్లు శనివారమే వస్తాయి.

అపోహ: శుక్రవారం ఆప్షన్ అమ్మితే రెండు రోజుల థీటా ఊరికే వస్తుంది.

ఆప్షన్ అంటే ఫలానా ధరకు (స్ట్రైక్) కొనే లేదా అమ్మే హక్కు, ఆ హక్కు ధర ప్రీమియం. గడువు దగ్గరపడేకొద్దీ ప్రీమియం కరగడమే థీటా. ఆప్షన్ కాలిక్యులేటర్ అలాగే చూపిస్తుంది. నిఫ్టీ వీక్లీ (వారం గడువు) ఆప్షన్ ఇప్పుడు మంగళవారం ముగుస్తుంది. శుక్రవారం ముగింపు నుంచి క్యాలెండర్ ప్రకారం నాలుగు రోజులు, సోమవారం ఓపెన్ నుంచి ఒకటింపావు. మిగిలిన రోజుల వర్గమూలం లెక్కన 150 రూపాయల ప్రీమియం సోమవారం పొద్దునకు 84 కావాలి. నిఫ్టీ కదలకపోయినా అంత కరగదు. మార్కెట్ లెక్కపెట్టేది ట్రేడింగ్ సెషన్లను. శుక్రవారం ముగింపుకూ రెండు సెషన్లే మిగిలాయి, సోమవారం ఓపెన్‌కూ రెండే. అందుకే వీక్లీ ఆప్షన్లలో శుక్రవారం సాయంత్రం ఐవీ (ప్రీమియంలో ఇమిడి ఉన్న ధర కదలిక అంచనా) తక్కువగా, సోమవారం పొద్దున ఉన్నట్టుండి ఎక్కువగా కనపడుతుంది. ఆ రెండు రోజుల కరుగుదలను కొనేవాళ్లు శుక్రవారమే ధరలో కోసేసి ఉంటారు.

2025 ఏప్రిల్ 4, శుక్రవారం నిఫ్టీ 22,904 దగ్గర ముగిసింది. ట్రంప్ సుంకాల దెబ్బకు 7వ తేదీ సోమవారం 21,758 దగ్గర తెరుచుకుంది. 22,900 పుట్ (ఆ ధరకు అమ్మే హక్కు) అమ్మినవాడు తొలి నిమిషానికే 1,142 పాయింట్లు లోపల ఉన్నాడు. అప్పటి లాట్ (ఒక కాంట్రాక్టులోని యూనిట్లు) 75 కాబట్టి ఒక్క లాట్‌కు 85,650 రూపాయలు. ప్రీమియంగా తీసుకున్నది అందులో ఏ మూలకు? అమ్మాలనే ఉంటే దూరపు స్ట్రైక్‌లో ఇంకో ఆప్షన్ రక్షణగా (హెడ్జ్) కొని అమ్మండి. నష్టం ఎంతకు ఆగుతుందో శుక్రవారమే తెలుస్తుంది, మార్జిన్ (బ్రోకర్ దగ్గర పెట్టాల్సిన హామీ డబ్బు) కూడా తగ్గుతుంది. ఎఫ్‌అండ్‌ఓలో (ఫ్యూచర్స్, ఆప్షన్లలో) ఆడే వ్యక్తుల్లో 2024–25లో 91 శాతం మంది నష్టపోయారని సెబీ అధ్యయనం తేల్చింది.

అపోహ: గ్యాప్ ఎప్పుడైనా నిండాల్సిందే, అంటే ధర పాత ముగింపుకు తిరిగి రావాల్సిందే.

2024 జూన్ 1 శనివారం లోక్‌సభ ఎన్నికల ఎగ్జిట్ పోల్స్ వచ్చాయి. ముందురోజు 22,530 దగ్గర ముగిసిన నిఫ్టీ 3వ తేదీ సోమవారం 23,337 దగ్గర తెరుచుకుంది. మరుసటి రోజు ఓట్ల లెక్కింపులో ఆ గ్యాప్ నిండడమే కాదు, ఇంకా కిందికి పోయి 21,884 దగ్గర ముగిసింది. ‘చూశారా, నిండింది’ అంటారు. సోమవారం షార్ట్ చేసినవాళ్లకు (ధర పడుతుందని ముందే అమ్మినవాళ్లకు) సరే, కొన్నవాళ్ల సంగతి? నిండేది రేపా, ఆరు నెలలకా అన్నది ఈ సూత్రం చెప్పదు. మార్జిన్ మాత్రం రోజూ కట్టాలి.

అపోహ: ఆదివారం సంకేతాలు చూస్తే సోమవారం ఓపెన్ చెప్పేయొచ్చు.

కొన్ని సంకేతాలకు విలువ ఉంది, కొన్నింటికి లేదు. సౌదీ మార్కెట్ ఆదివారం పనిచేస్తుంది, మన టైమ్ 12:30 నుంచి 5:30 దాకా. పశ్చిమాసియాలో యుద్ధ వార్తలో, చమురు వార్తలో ఉన్నప్పుడు అది చూడదగ్గదే. కొన్ని విదేశీ బ్రోకర్లు చూపించే ‘వీకెండ్ వాల్‌స్ట్రీట్’ ధర మాత్రం ఎక్స్ఛేంజ్‌ది కాదు, ఆ బ్రోకర్ ఇచ్చేది. కొనే, అమ్మే ధరల మధ్య తేడా చాలా ఎక్కువ. గిఫ్ట్ నిఫ్టీ (గుజరాత్‌లోని గిఫ్ట్ సిటీలో ట్రేడయ్యే నిఫ్టీ ఫ్యూచర్) ఆదివారం ఉండదు, శనివారం తెల్లవారుజాము 2:45కు ఆగిపోతుంది. ఆదివారం రాత్రి ఎవరైనా ‘గిఫ్ట్ నిఫ్టీ 200 డౌన్’ అని పంపితే అది పాత స్క్రీన్‌షాట్ అన్నట్టే. సోమవారం 5:30కి జపాన్, 6:30కి గిఫ్ట్ నిఫ్టీ మొదలవుతాయి. అప్పటిదాకా నిద్రపోవచ్చు.

అపోహ: శనివారమే ఏఎంఓ (ఆఫ్టర్ మార్కెట్ ఆర్డర్) పెడితే క్యూలో మనదే ముందు.

శనివారం పెట్టిన ఆఫ్టర్ మార్కెట్ ఆర్డర్ సోమవారం దాకా బ్రోకర్ దగ్గరే ఉంటుంది. క్యూలో స్థానం ఎక్స్ఛేంజ్‌కు అందిన క్షణం నుంచే. పైగా ప్రీ-ఓపెన్‌లో (9:15కు ముందు సెషన్‌లో) కుదిరిన ఆర్డర్లన్నింటికీ ఒకే ధర. ఏఎంఓ తిరిగొచ్చేది ఎక్కువగా వీటివల్ల: లిమిట్ ధర ఆ రోజు ప్రైస్ బ్యాండ్ (అనుమతించే ధరల హద్దు) బయట ఉండటం, మార్జిన్ చాలకపోవడం, సోమవారం బోనస్ లేదా స్ప్లిట్ ఎక్స్-డేట్ (ఆ మేరకు ధర సర్దే రోజు) కావడంతో పాత ధరకు అర్థం లేకపోవడం. 9:00 తర్వాత ఒకసారి ఆర్డర్ బుక్ తెరిచి చూసుకోండి.

అపోహ: క్రిప్టో 24 గంటలూ ఉంటుంది, వారాంతానికి అదే మేలు.

తెరిచి ఉంటుంది, నిజమే. మన దేశంలో పన్ను లెక్క చూడండి. ఒక కాయిన్‌లో 40,000 లాభం, ఇంకోదాంట్లో 50,000 నష్టం వచ్చిందనుకోండి. చేతిలోంచి 10,000 పోయింది. అయినా 40,000 మీద 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్ కలిపి 12,480 కట్టాలి. నష్టాన్ని సర్దుబాటు చేసుకోనివ్వరు. లక్ష చొప్పున ఇరవై సార్లు అమ్మితే 1 శాతం టీడీఎస్ కిందే 20,000 పక్కకు పోయి రిటర్న్ వేసేదాకా ఇరుక్కుంటుంది.

అపోహ: సెలవు రోజుల్లో ఖర్చేమీ ఉండదు.

ఎంటీఎఫ్ మీద (బ్రోకర్ ఇచ్చే అప్పుతో) కొన్నవాళ్లకు ఉంటుంది. వడ్డీ క్యాలెండర్ రోజులకు పడుతుంది. ఏడాదికి 14.6 శాతమైతే లక్షకు రోజుకు 40, శని, ఆదివారాలు కలిపి 80. ఆ సోమవారం పండగ సెలవైతే 120.

ఆదివారం వేసిన మ్యూచువల్ ఫండ్ ఆర్డర్‌కు సాధారణంగా వచ్చేది తర్వాతి పనిదినం ఎన్‌ఏవీ (యూనిట్ ధర). బ్రోకర్ నుంచి విత్‌డ్రా పెట్టినా మామూలుగా పనిదినానే కదులుతుంది. బంగారమూ అంతే: ఎంసీఎక్స్ (సరుకుల ఎక్స్ఛేంజ్) ఉండదు, ముంబై బులియన్ సంఘం రేటూ వారాంతాల్లో రాదు. కాబట్టి ప్రొద్దుటూరు అంగట్లో ఆదివారం చెప్పే ధర అంతకుముందటి ధర మీద కట్టిందే. వారాంతంలో పెద్ద వార్త ఏదైనా ఉంటే పెళ్లి నగలకు అడ్వాన్స్ ఇచ్చేటప్పుడే గ్రాము రేటు ఏ రోజుదో రసీదు మీద రాయించుకోండి.