మీరు పంపిన లైబ్రరీ ప్లాన్ చూశాను

పిల్లలూ,

మీ ప్లాన్ అందింది. నోట్‌బుక్ పేజీలు ఫోటో తీసి వాట్సాప్‌లో పెడితే ఈ కళ్లకు ఆనవని మా కోడలు పెద్ద అక్షరాలతో ప్రింట్ తీసిచ్చింది. నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే లైబ్రరీ వారోత్సవాలకి ఈసారి వ్యాసరచన పోటీ కాకుండా 'హంగర్ గేమ్స్' అనే ఇంగ్లీషు నవలల మీద ఏదైనా చేద్దామన్నారు. చేయండి. నేను ముప్పై ఏళ్లు స్కూల్ లైబ్రరీలో కూర్చున్నవాణ్ణి, పిల్లలు తమంతట తామే ఒక పుస్తకం పేరు చెప్పి ఇదే కావాలనడం ఎన్నిసార్లు చూశానో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

అయితే రెండో పేజీ దగ్గర ఆగిపోయాను. క్లాసుకి ఇద్దరి పేర్లు చీటీ తీసి, క్విజ్ పెట్టి, తప్పు చెప్పినవాళ్లని ఒక్కొక్కరినే బయటికి పంపించి, చివరికి మిగిలినవాళ్లకి బిర్యానీ పార్సిల్, చుట్టూ కూర్చుని స్కూలంతా ఈలలు. ఇది వద్దు. గోలవుతుందని కాదు, లైబ్రరీలో గోల నాకు ఇష్టమే. ఆ కథలో కాపిటల్ అనే రాజధాని జనం చేసేది అచ్చంగా ఇదే కదా! చీటీలు తీసి ఎంచిన 24 మంది పిల్లల్ని ఒకర్నొకరు చంపుకోమని అరీనాలోకి తోలి, టీవీల ముందు కూర్చుని పందేలు కాస్తుంటారు. ఆ దేశానికి పానెం అని పేరు ఎందుకు పెట్టారో మూడో పుస్తకంలో వస్తుంది. లాటిన్‌లో పానెం అంటే రొట్టె. జనానికి రొట్టె పడేసి తమాషా చూపిస్తే ఇంకేమీ అడగరని పాత రోమ్ కాలం మాట ఒకటుంది, అందులోంచి తీశారు. బిర్యానీ, ఈలలు... సరిగ్గా సరిపోయింది చూశారా.

ఇంకో సంగతి. నేనూ ఒకప్పుడు ఓ స్కూల్లో ఇలాంటి ఎలిమినేషన్ క్విజ్ పెట్టాను. రోజూ లంచ్ బెల్లు కాగానే పరిగెత్తుకొచ్చే ఒక పిల్లాడు మొదటి రౌండులోనే బయటికెళ్లాడు, కిటికీ దగ్గర నిలబడి చివరిదాకా చూశాడు, ఆ తర్వాత ఆ సంవత్సరమంతా లైబ్రరీ గడప తొక్కలేదు. తప్పు నాదే. మీ ప్లాన్ చదువుతుంటే వాడే గుర్తొచ్చాడు.

మీ ప్లాన్‌లో నాకు బాగా నచ్చినది చీటీల డబ్బా. దాన్ని ఉంచుదాం, పోటీ తీసేసి లెక్క పెడదాం. కథలో పన్నెండేళ్లు నిండిన ప్రతి పిల్లకీ పిల్లాడికీ డబ్బాలో ఒక చీటీ పడుతుంది, ఏడాదికొకటి చొప్పున పెరుగుతూ పద్దెనిమిదో ఏటికి ఏడవుతాయి. అక్కడితో ఆగితే అందరికీ సమానమే. కానీ ఇంట్లో తిండి లేకపోతే అదనంగా పేరు వేయించుకోవచ్చు, ఒక్కో చీటీకి ఒక మనిషికి ఏడాదికి సరిపడా అనేట్టు కాస్త ధాన్యం, నూనె ఇస్తారు. దాన్ని టెసెరా అంటారు. కథానాయిక కాట్నిస్ తనకీ తల్లికీ చెల్లికీ కలిపి ఏటా మూడు తీసుకుంది, తన మామూలు చీటీతో నాలుగు, అయిదేళ్లకి 20. ఆమె స్నేహితుడు గేల్ ఇంట్లో అయిదుగురు, అంటే ఏటా ఆరు, ఏడేళ్లకి 42. మేయర్ గారమ్మాయి మాడ్జ్‌కి ఏ అవసరమూ లేదు కాబట్టి 5. ఈ ఏడాదే పన్నెండు నిండిన కాట్నిస్ చెల్లి ప్రిమ్‌కి 1.

మొత్తం 68 చీటీలు. డబ్బాలో వేసి కలిపి ఒకటి తీయండి, బోర్డు మీద ఆ పేరు పక్కన గీత పెట్టి చీటీ మళ్లీ లోపల వేయండి, యాభైసార్లు అలా చేయండి. గేల్ పేరు పక్కన గీతలు ఎలా గుంపు కడతాయో ఆరో క్లాసు పిల్లలకి కూడా చూడగానే తెలుస్తుంది, లెక్కల సార్‌ని పిలిస్తే ఆయన సంభావ్యత పాఠం అక్కడే కానిచ్చేస్తారు. ఇదంతా అయ్యాక చెప్పండి, కథలో వచ్చింది మాత్రం ప్రిమ్ పేరున్న ఆ ఒక్క చీటీయేనని. ఒక్క జాగ్రత్త: ఆడించేటప్పుడు కథలో పేర్లే వాడండి. మీ ఇంట్లో ఎంతమంది, నువ్వైతే ఎన్ని వేస్తావు అని ఏ పిల్లనీ అడగొద్దు. ఇళ్లలో బియ్యం డబ్బాలు ఎలా ఉన్నాయో మనకి తెలియదు.

కాట్నిస్ వాళ్లుండే డిస్ట్రిక్ట్ 12 అంటే బొగ్గు. మన ఊరికి దాన్ని విడమరిచి చెప్పాల్సిన పనే లేదు. 1889లో ఇల్లెందు దగ్గర తవ్వకం మొదలైనప్పటి నుంచి ఇక్కడ బొగ్గుబాయి పనే బతుకు, మా నాన్న కూడా బాయిలో దిగినవాడే. వేళ కాని వేళ సైరన్ మోగితే మా అమ్మ పొయ్యి మీద అన్నం కూడా వదిలేసి గుమ్మంలోకొచ్చి నిలబడేది. కాట్నిస్ తండ్రి బాయిలో పేలుడులో పోయేనాటికి ఆమెకి పదకొండేళ్లు. అందుకని ఒక సాయంత్రం రిటైరైన కార్మికులు ఇద్దరు ముగ్గుర్ని పిలవండి, క్యాప్ ల్యాంపు తెమ్మనండి, లైట్లు ఆర్పేసి ఆ ల్యాంపు వెలుగులో బాయి కబుర్లు చెప్పించుకోండి. శాలువాలు, స్పీచ్‌లు వద్దు, టీ చాలు.

పోస్టర్లూ విల్లమ్ములూ మీ ఇష్టం, అమ్ములకి మొన మాత్రం వద్దు. పుస్తకం చదివించడం ఎనిమిది ఆపైన క్లాసులకే, అందులో చావులు ఎక్కువ.

ఇంగ్లీషులో చదవలేని వాళ్ల కోసం రోజుకో అధ్యాయం ఎవరో ఒకరు తెలుగులో చెప్పండి. అక్కడే అసలు సరదా. ట్రిబ్యూట్ అంటే కప్పం, అది చక్కగా కుదిరింది, కప్పంగా పంపిన పిల్లలు. చీటీ తీసే రోజుని కథలో రీపింగ్ అంటారు, దాని దగ్గరే చిక్కు. పంట కోత కదా అని 'కోతల రోజు' అన్నాననుకోండి, గొప్పలు చెప్పుకునే రోజనుకుంటారు. రాత్రి ఒంటిగంట దాకా ఆలోచించాను, తేలలేదు. మీకేమైనా తడితే ఫోన్ చేయండి, మధ్యాహ్నం మూడు తర్వాత అయితే లేచే ఉంటాను.

మీ లైబ్రరీ తాతయ్య